చప్పుడు మింగే పొర

చివరి మరమేకు ఊడి చేతిలోకి రాగానే పాలీన్ జూబాక్ బల్ల మీది మిషనును బోర్లించి, మూత అంచును బొటనవేలితో నొక్కింది. టక్కుమని మూత విడిపోయింది. లోపల, గాలిని తోసే మోటారు చుట్టూ ఉండాల్సిన నల్లటి స్పాంజి పొర ఒక మూల కుంగిపోయి ఉంది. పట్టకారు తగలగానే మసిలా రాలింది. ఆమె మిగిలినదాన్ని మెల్లగా పీకి సంచిలో వేసి, ఆ గూడును మెత్తటి గుడ్డతో తుడిచింది. గుడ్డను తిప్పి చూసుకుంది. మరో మడత వేసి మళ్లీ తుడిచింది.

"దీని సొంతదారుకి పిల్లి ఉంది," అంది బల్లకి అవతలివైపు కూర్చున్న కార్మెలా, తన చేతిలోని గాలి గొట్టాన్ని దీపం కిందికి ఎత్తి చూస్తూ. "బొచ్చు కూడా మనకే పంపించింది మహాతల్లి."

"నా దానికి చుట్ట వాసన," అంది పాలీన్.

"ఊపిరాడని వాడికి చుట్టెందుకే?"

"ఊపిరాడుతున్నప్పుడు మొదలెట్టుంటాడు."

కార్మెలా ముక్కుకి కట్టుకున్న గుడ్డలోంచే పకపకా నవ్వింది. పాలీన్ నవ్వలేదు కానీ ఆమె కళ్ల కింద ముడతలు కాస్త కదిలాయి. ఆమె నవ్వు ఎప్పుడూ అంతే.

పొట్టి మనిషి. మణికట్లు మగవాడివిలా వెడల్పు. నెరిసిన జుట్టును వలలో బిగించి ముడివేస్తే నుదురు ఇంకా పెద్దదిగా కనబడుతుంది. రెండు చూపుడువేళ్ల కొసలూ కొద్దిగా పక్కకి వంగి ఉంటాయి. అవి పుట్టుకతో వచ్చిన వంకర్లు కావు. ఇదే ఫ్యాక్టరీలో, ఇదే బల్ల దగ్గర, ఈ స్పాంజి పొరను మిషను గోడలకి అంటించి, జిగురు పట్టేదాకా నొక్కి ఉంచడం ఇన్నేళ్లుగా ఆమె పని. నిద్రలో ఊపిరి ఆగిపోయేవాళ్లకీ, ఊపిరితిత్తులు అరిగిపోయినవాళ్లకీ ముక్కుకి తగిలించిన తొడుగులోకి గాలి పంపే మిషన్లు అవి. గాలి పంపేది మోటారు. ఆ మోటారు రొదను మింగేది ఈ పొర. పొర లేకపోయినా గాలి వస్తుంది, కానీ ఆ హోరుకి మనిషి నిద్రపోలేడు, పక్కన పడుకున్నవాళ్లు అసలే నిద్రపోలేరు.

"గాలి ఇచ్చేది మోటారైనా నిద్ర ఇచ్చేది నేనే," అని ఆమె ఒకసారి ఇంట్లో అంది. జీవితంలో ఆమె చెప్పుకున్న గొప్ప అదొక్కటే.

కిందటి వేసవిలో కంపెనీ ఆ మిషన్లన్నిటినీ వెనక్కి పిలిచింది. వేడికీ తేమకీ స్పాంజి చివికిపోతోందనీ, ఆ పొడి గాలితోపాటు మనిషి లోపలికి పోతోందనీ వార్తల్లో చెప్పారు. కొత్తవి చెయ్యడం ఆగింది. దేశం నలుమూలలనుంచి పాతవి అట్టపెట్టెల్లో తిరిగి రావడం మొదలైంది. ఏ ఆడవాళ్లు ఆ పొరను అంటించారో వాళ్లనే కూర్చోబెట్టి దాన్ని పీకించి, వేరే రకం తెల్లటి పొర వేయించి, తిరిగి పంపిస్తున్నారు. పని బల్ల మారలేదు, కుర్చీ మారలేదు. చేతులు మాత్రం ఇదివరకు చేసినదానికి తలకిందులుగా కదలడం నేర్చుకున్నాయి.

పాలీన్ అన్న మీత్రో జూబాక్ కూడా అలాంటి మిషనుతోనే ఊపిరి పీల్చేవాడు.

కోల్టర్ రన్ గనిలో బొగ్గు తవ్విన ఆఖరి తరం అతనిది. గని మూతపడ్డాక ఊళ్లో మిగిలినవాళ్లలో దగ్గని మగవాడు లేడు. అన్నాచెల్లెళ్లిద్దరికీ పెళ్లిళ్లు కాలేదు. చేసుకోకూడదని ఎవరూ అనుకోలేదు. తల్లి పక్షవాతంతో మంచంలో ఉన్న ఏళ్లలో ఆ మాట వాయిదా పడుతూ పడుతూ పాతబడిపోయింది. ప్యాకింగులో పనిచేసే వాల్టర్ అనే అతను చాన్నాళ్లు పాలీన్‌కి రోజూ టీ విరామంలో కాఫీ తెచ్చి ఇచ్చేవాడు. దక్షిణాదిన ఇంకో ఫ్యాక్టరీకి మారేటప్పుడు, "నువ్వూ రారాదూ?" అన్నాడు. "మంచంలో అమ్మని ఎవరు పక్కకి తిప్పుతారు?" అంది పాలీన్. అతను దాన్ని జవాబుగానే తీసుకున్నాడు. అది జవాబో, ప్రశ్నో ఆమెకే తెలియదు. తర్వాత తల్లి పోయింది. కొండ వాలులో గని కంపెనీ కట్టిన వరస ఇళ్లలో ఆ చివరింట్లో అన్నాచెల్లెళ్లు మిగిలారు.

నాలుగడుగులు వేస్తే ఆయాసపడే దశకి మీత్రో వచ్చాక డాక్టరు మిషను రాసిచ్చాడు. అట్టపెట్టె ఇంటికి తెచ్చిన రోజు పాలీన్ చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చి, దాన్ని తలకిందులు చేసి, అడుగున అచ్చేసిన అంకెలు చదివింది. ఆ అంకెలు చూస్తే ఏ బల్ల మీద ఎప్పుడు తయారైందో ఆమెకు తెలుస్తుంది.

"ఇది నేను అంటించిందే మీత్రో!" అంది, చిన్నపిల్లలా.

"చచ్చాం. పగలంతా వినేది చాలక రాత్రి కూడా నీ గొణుగుడు వినాలన్నమాట."

"గొణగదు. విని చూడు."

నిజంగానే గొణగలేదు. ఆ రాత్రి మీత్రో తెల్లవారేదాకా కదలకుండా నిద్రపోయాడు. వారాలు గడిచేకొద్దీ పెదాల మీది నీలం పోయింది. ఆదివారం చర్చికి వచ్చి, నిలబడి, చివరిదాకా పాడాడు. పగలు కూడా కాసేపు తొడుగు పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంటే మిగతా రోజు తేలిగ్గా నడిచేవాడు. పక్కింటావిడతో, "మా చెల్లెలు కట్టిన మిషను," అని చెప్పేవాడు. మిషనంతా తను కట్టలేదని పాలీన్ ఎన్నిసార్లు చెప్పినా దిద్దుకోలేదు.

మిషన్లను వెనక్కి పిలిచిన రోజున ఆమె డాక్టరుకి ఫోన్ చేసింది.

"మానొద్దమ్మా," అన్నాడు డాక్టరు. "మార్చి ఇచ్చేదాకా అదే వాడండి. అతని పరిస్థితిలో వాడకపోతేనే ప్రమాదం ఎక్కువ."

ఆమె సరేనంది. వాడనిచ్చింది కూడా. కానీ ఆ వారమే తిరిగొచ్చిన మిషన్ల మొదటి లారీ ఫ్యాక్టరీకి చేరింది. మొదట విప్పినదాంట్లో పొర అన్నదే లేదు. లోపలంతా తడి మసి, గాలి గొట్టం మూతి దాకా. ఆ గొట్టానికి అవతల ఎవరి ముక్కు ఉందో అని ఆమె చాలాసేపు దాన్ని పట్టుకునే కూర్చుంది. ఆ సాయంత్రం ఇంటికి రాగానే కోటైనా విప్పకుండా మీత్రో మంచం పక్కకి వెళ్లి ప్లగ్గు పీకేసింది.

"ఏమే, నీకేం పట్టింది?"

"ఇక ఇది వద్దు. కొత్తది వచ్చేదాకా వద్దు."

"డాక్టరు వాడమన్నాడుగా."

"డాక్టరు దాని కడుపు చూశాడా? నేను చూశాను. బొగ్గు దుమ్ము చాలదా నీ గుండెల్లో? పైనుంచి నేను అంటించిన మసి కూడా కావాలా?"

మీత్రో నవ్వాడు. "గంపలకొద్దీ బొగ్గు మింగినవాణ్ని. నీ చిటికెడు స్పాంజి నన్నేం చేస్తుందే?"

"వద్దన్నానా!" అని అరిచింది పాలీన్. ఆమె అరవడం అతను ఎన్నడూ వినలేదు. కాసేపు ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత తొడుగు పట్టీని తల మీదినుంచి తీసి, చుట్టచుట్టి ఆమె చేతిలో పెట్టాడు.

అప్పటినుంచి మిషను అలమరలో, ఒక తువ్వాలు కప్పుకుని ఉంది. మీత్రో వెల్లకిలా పడుకోలేక ముందుగదిలో వాలు కుర్చీలో, ఒళ్లో దిండు పెట్టుకుని నిద్రపోతున్నాడు. పొద్దున లేచేసరికి తల పగిలిపోతున్నట్టు ఉంటోందని అతను చెప్పడు, కానీ కాఫీ కప్పును రెండు చేతులతో పట్టుకుంటాడు. పెదాల నీలం తిరిగి వచ్చింది. చలికాలమంతా పాలీన్ ఆ నీలాన్నీ, ఫ్యాక్టరీలో ఆ మసినీ చూస్తూ, ఏది ఎక్కువ భయమో తేల్చుకోలేకపోయింది. మార్చి ఇమ్మని పేరు నమోదు చేయించింది. ఎండాకాలం పోయింది, మంచు పడింది, కరిగింది. ఈస్టరు ముందు ఉపవాసాలు కూడా వచ్చేశాయి. మిషను మాత్రం రాలేదు.

ఆ శుక్రవారం భోజన విరామానికి ముందు సూపర్వైజరు ట్రెంట్ బల్లల మధ్యగా వస్తుంటే పాలీన్ లేచి నిలబడింది. ఎర్రటి గడ్డం, కొత్తగా పెళ్లయిన పిల్లవాడు. ఆమె లేచి నిలబడడం చూసి అతనే కంగారుపడ్డాడు.

"ఏంటి పాలీన్ గారూ? ఏమైనా కావాలా?"

"మా అన్న సంగతి. నిరుడే పేరు రాయించాను. నిన్న ఫోన్ చేస్తే ఇంకా వరసలోనే ఉందంటున్నారు." ఆమె బల్ల చివర పేర్చి ఉన్న, బాగుచేసిన మిషన్ల వైపు చూసింది. "ఇంతింత మంది మిషన్లు నా చేతుల మీదుగా పోతున్నాయి. వాడిది తెస్తే నేనే... భోజనం మానేసి చేసుకుంటాను. ఎవరి టైమూ తీసుకోను."

ట్రెంట్ గడ్డం రుద్దుకున్నాడు. "నా చేతుల్లో ఉంటే ఈ క్షణమే తెమ్మనేవాణ్ని. బయటినుంచి నేరుగా మిషను లోపలికి రానివ్వరు. వరస తప్పిస్తే నన్ను పీకేస్తారు, అది వేరే సంగతి. కానీ వరసలో ఉన్న ప్రతివాళ్లకీ ఎవరో ఒకరు ఉంటారు కదా. మీలాగే."

"ఉంటారు," అంది పాలీన్. అది నిజం. నిజం కాబట్టే ఆమె కూర్చుంది.

"ముసలాయన ఎలా ఉన్నారు?"

"కూర్చుని నిద్రపోతున్నాడు."

ట్రెంట్ ఆమె భుజం మీద చెయ్యి వేసి వెళ్లిపోయాడు.

విరామంలో ఆమె బయట మెట్ల మీద నిలబడి ఇంటికి ఫోన్ చేసింది. చాలాసేపు మోగాక తీశాడు. ముందు ఊపిరి వినబడింది, తర్వాత మాట.

"ఏమే."

"ఇంతసేపేంటి తీయడానికి?"

"నాట్యం... చేస్తున్నాను. ఆపి వచ్చాను."

"ఏం తిన్నావు?"

"గాలి." ఊపిరి తీసుకున్నాడు. "లేదులే, రొట్టె తిన్నాను. ఇవాళ కాస్త తేలిగ్గానే ఉంది పాలీ. నిజంగా. ఎండ వచ్చింది చూశావా?"

ఆమె తలెత్తి చూసింది. ఫ్యాక్టరీ వెనక కొండ మీద ఆకుల్లేని చెట్లకి ఎండ తగులుతోంది. "వచ్చింది," అంది.

"పెందరాళే వస్తావా?"

"ఎప్పుడూ వచ్చినట్టే వస్తాను. ఎందుకు?"

"ఏం లేదు. అడక్కూడదా?"

"ఎండలో కూర్చో. కిటికీ తీసి పెట్టుకో. ఊరికే అటూ ఇటూ తిరక్కు."

"సరే తల్లీ," అన్నాడు మీత్రో. తల్లి బతికున్నప్పుడు ఆమెతో ఎలా అనేవాడో, అచ్చం అలాగే.

ఆమె లోపలికి వచ్చి చేతులకి తొడుగులు వేసుకుంది. ఎదురుగా ట్రేలో కొత్త తెల్లటి పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. అరచేతంత ముక్కలు. ఇన్నేళ్లలో ఆమె ఈ గేటు దాటించి ఒక మరనైనా ఇంటికి తీసుకుపోలేదు. కోటు జేబులో పొరపాటున పడిన పట్టకారును మర్నాడు తెచ్చి ఇచ్చిన మనిషి. ఇప్పుడు ఆమె ఒక పొర తీసుకుంది. దాన్ని మిషనులో పెట్టకుండా ఒళ్లోకి జార్చింది. కాళ్ల దగ్గరున్న భోజనం సంచి జిప్పు తెరిచింది.

తలెత్తితే కార్మెలా సూటిగా చూస్తోంది.

వెనక ట్రెంట్ బూట్ల చప్పుడు దగ్గరవుతోంది. కార్మెలా చటుక్కున లేచింది. "ట్రెంట్ బాబూ, ఇటు రా. ఈ పట్టకారు చూడు. పట్టుకోవడం మానేసి గిచ్చుతోంది. దీనికి మా ఆయన పోలిక వచ్చిందేమో, నువ్వే చెప్పు!" పక్క బల్లలవాళ్లు గొల్లుమన్నారు. ట్రెంట్ ఎర్రబడి అటు తిరిగాడు. ఆ నవ్వుల మధ్య పాలీన్ పొరను రొట్టె డబ్బా కింద దూర్చి జిప్పు మూసింది.

కార్మెలా కూర్చుని, గొంతు తగ్గించి అంది. "నాకేం కనబడలేదు."

"ఇదివరకెప్పుడూ..."

"తెలుసు. నోరు మూసుకుని పని చెయ్యి."

షిఫ్టు అయ్యాక గేటులో ఎవరూ సంచి చూడలేదు. ఎప్పుడూ చూడరు. ఆ సంగతి ఆమెకి తెలుసు, అయినా కారు ఎక్కేదాకా సంచిని చంకలో బిగించి పట్టుకుంది. తిరుగు దారిలో చర్చి కింది హాలు దగ్గర ఆగింది. ఉపవాసపు శుక్రవారాల్లో అక్కడ ముసలమ్మలు పిండిలో బంగాళదుంప కూరి ఉడికించిన పిరోహీలు చేసి అమ్ముతారు. వెన్నా ఉల్లిపాయా వేసినవి ఒక పెట్టెడు తీసుకుంది. పెట్టె వెచ్చగా ఉంది. పక్క సీటులో పెట్టి, బ్రేకు వేసినప్పుడల్లా దాని మీద చెయ్యి ఉంచింది. భోజనం ముందా, మిషను ముందా? మిషనే ముందు. కళ్లజోడు మరలు బిగించే చిన్న స్క్రూడ్రైవరు కుట్టుపెట్టెలో ఉంది. మీత్రో పక్కన కూర్చుని ఏదో ఒకటి అంటూనే ఉంటాడు. అననీ. ఇవాళ మంచం మీద వెల్లకిలా పడుకుంటాడు.

ముందు తలుపు తీసి లోపలికి వచ్చేసరికి గది నిండా సాయంకాలపు ఎండ ఉంది. కిటికీ తెరిచే ఉంది. మీత్రో వాలు కుర్చీలో, తల కిటికీ వైపు వాల్చి కూర్చున్నాడు. చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి ఉన్నాయి. నోరు కొద్దిగా తెరిచి ఉంది. ఎవరో మాట్లాడుతుంటే వింటున్నవాడిలా ఉన్నాడు.

"మీత్రో," అంది పాలీన్. "పిరోహీలు తెచ్చాను."

ఆ ఇంట్లో అతని ఊపిరి వినబడని క్షణం లేదు. చలికాలమంతా ఆమె తన గదిలో పడుకుని, తలుపులోంచి ఆ ఈలను వింటూనే నిద్రపోయేది. ఇప్పుడు పెట్టె చేతిలో పట్టుకుని నిలబడి వింది. వీధిలో ఎవరిదో కుక్క అరిచింది. అంతే.

పెట్టెను కింద పెట్టి వెళ్లి అతని చెంప ముట్టుకుంది. ఎండ తగిలిన వైపు వెచ్చగా ఉంది. రెండో వైపు లేదు.

ఆమె ఏడవలేదు. డాక్టరుకి ఫోన్ చేసింది, తర్వాత ఫాదర్ వసీల్‌కి. ఇద్దరితోనూ ఒకే మాట చెప్పింది: మీత్రో పోయాడు, రండి. తర్వాత అతని చొక్కా చేతులు కిందికి దించి బొత్తాలు పెట్టింది. ఇంక చెయ్యడానికి ఏమీ తోచలేదు. అలమర తెరిచి, తువ్వాలు తీసి, మిషనును తెచ్చి అతని కుర్చీ పక్కనున్న చిన్న బల్ల మీద పెట్టుకుని, నేల మీద కూర్చుంది. కుట్టుపెట్టెలోంచి స్క్రూడ్రైవరు తెచ్చుకుంది. మరలు ఒక్కొక్కటే ఊడి వచ్చాయి. మూత అంచును బొటనవేలితో నొక్కింది.

లోపల పొర ఉంది. నల్లగా, నిండుగా, నాలుగు మూలలూ ఆమె నొక్కినచోటే అతుక్కుని ఉంది. గూడులో మసి లేదు. తువ్వాలు కొసతో తుడిస్తే గుడ్డ తెల్లగానే వచ్చింది. గాలి గొట్టం మూతిలోకి వేలు పెట్టి చూసుకుంది. వేలికి ఏమీ అంటలేదు. చివరికి పొర మీద చూపుడువేలు పెట్టి గట్టిగా నొక్కింది. అది కిందికి దిగి, వేలు తీయగానే మెల్లగా పైకి లేచింది. మళ్లీ నొక్కింది. మళ్లీ లేచింది.

ఫాదర్ వసీల్ వచ్చేటప్పటికి ఆమె అలాగే కూర్చుని ఉంది. ఆయన ప్రార్థన చదివి, మీత్రో నుదుటి మీద శిలువ గుర్తు వేసి, వచ్చి ఆమె ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు. ఆయన తండ్రి కూడా ఆ గనిలోనే పనిచేశాడు.

"బొగ్గు చేసిన పనమ్మా ఇది," అన్నాడు. "ఎంతమందిని పూడ్చాను. అందరినీ తిన్నది ఆ బొగ్గే."

"డాక్టరు వాడమన్నాడు ఫాదర్. నేను వద్దన్నాను." ఆమె విప్పి ఉన్న మిషనును ఆయన వైపు తిప్పింది. "చూడండి. బాగానే ఉంది. ఇది బాగానే ఉంది."

ఆయన చూశాడు. చూసినా ఆయనకేం తెలుస్తుంది? ఒక నల్లటి స్పాంజి ముక్క. కానీ ఆమె మొహం చూశాక అర్థమైంది.

"ఫ్యాక్టరీలో నువ్వు చూసినవి పాడైపోయి ఉన్నాయి. చూసినదాన్నిబట్టి చెప్పావు. అయినా నువ్వు వద్దంటే మానేసే రకమా మీత్రో? పెట్టుకోవాలనుకుంటే పెట్టుకునేవాడే. ఎవరి మాటా వినే మనిషి కాదు."

"నా మాట విన్నాడు," అంది పాలీన్.

ఆమె మరలు వెతుక్కుని మూత బిగించింది. పాత పొర లోపలే ఉంది, కొత్త పొర సంచిలోనే ఉంది. దాన్ని బయటికి తీయాల్సిన పని ఇక లేదు.

డాక్టరు వచ్చి చూసి, తలూపి, కాగితం రాసి వెళ్లాడు. చీకటి పడకముందే చర్చి తరఫున ఇద్దరు మనుషులు బండి తెచ్చారు. గుమ్మం ఇరుకు కావడంతో వాళ్లు పక్కకి వంచబోతే, "నిటారుగా పట్టుకోండి, పడుకుంటే ఆయాసం వాడికి," అంది పాలీన్. అని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ మనుషులు ఆమె వైపు చూడకుండా, ఆమె అన్నట్టే, వీలైనంత నిటారుగా ఎత్తుకుని మెట్లు దిగారు. ఆమె గుమ్మంలో నిలబడి, బండి కొండ వాలు దిగి మలుపు తిరిగేదాకా చూసింది. రాత్రికి తోడుంటానని కార్మెలా ఫోన్ చేసింది. వద్దంది. కార్మెలా, "నిన్నెవరు అడిగారు, వస్తున్నా," అని పెట్టేసింది.

అప్పుడు మంచినీళ్ల కోసం, ఇంటికి వచ్చాక మొదటిసారి వంటింట్లోకి నడిచి, దీపం వేసింది.

మీత్రో వంటింట్లో పని చేసి ఎన్నాళ్లయిందో ఆమెకు గుర్తు లేదు. బల్ల ముందు కుర్చీ వెనక్కి జరిపి ఉంది. వంట చేసేటప్పుడు ఆమె నడుముకి కట్టుకునే గుడ్డ కుర్చీ వీపుకి తగిలించి ఉంది. తల్లి వాడిన పెద్ద గిన్నెలో నీళ్లు, నీళ్లలో తొక్క తీసిన బంగాళదుంపలు తెల్లగా మునిగి ఉన్నాయి. పక్కన పరిచిన పాత పత్రిక మీద చిన్న కత్తి, ఆ కత్తి పక్కన సగమే ఒలిచిన దుంప ఒకటి. ఒలిచిన సగం గాలికి గోధుమరంగు తిరిగింది. మిగతా సగం నుంచి పల్చటి తొక్క, ఎక్కడా తెగకుండా మెలికలు తిరిగి, బల్ల అంచు కిందికి వేలాడుతోంది.